కదలడం లేదని బాతుగుడ్డు పారేయకు

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకచోట పెట్టుకుంటాను. కాశీనగర్ దగ్గర మీ ఊళ్లో చెక్కపెట్టె ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగించే వెచ్చటి పెట్టెలో, 22 ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతుగుడ్లు పెట్టావు. పదహారో రోజు నడుస్తోంది. గాలివానకి రాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. పెట్టె మీద బొంత కప్పి ఉంచావు. పొద్దున్న టార్చి పెట్టి చూస్తే రెండు గుడ్లు ఖాళీగా వెలుగుతున్నాయి, ఒకదాంట్లో ఎర్రటి ఉంగరం లాంటి గీత ఉంది, ఏడెనిమిది గుడ్లు నల్లగా ఉన్నాయి గానీ లోపల కదలిక లేదు. మీ అత్త నీళ్లలో వేసి, తేలినవి పారెయ్యమంటోంది. పక్కింటాయన అన్నీ పోయినట్టే, పెట్టె ఆపెయ్ అంటున్నాడు.

పెట్టె ఆపకు. గుడ్లు నీళ్లలో వెయ్యకు. ఉంగరం పడ్డ గుడ్డు తీసెయ్, ఖాళీగా వెలిగే రెండూ తీసెయ్. మిగతా 19 గుడ్లూ ఎలా ఉన్నవి అలా నడవనీ. ఇరవయ్యో రోజో ఇరవై ఒకటో రోజో మళ్లీ దీపం పెట్టి చూడు. ఈలోగా వాసన వచ్చినదీ, పెంకు మీద చెమ్మ ఊరినదీ తప్ప ఏదీ బయటికి తియ్యకు.

పర్లాకిమిడి పక్కన ఏళ్ల తరబడి బాతులు పెంచుతున్నాను. నాటుకోడి కింద పెట్టీ పొదిగించాను, పెట్టెలోనూ పొదిగించాను. మన వైపు చాలామంది చేసే పని ఒకటి చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అనుమానం వచ్చిన గుడ్డల్లా పగలగొట్టేస్తారు, లోపల ఈకలొచ్చిన పిల్ల కాళ్లు ఆడిస్తూ ఉంటుంది. గుడ్డు చచ్చిందని రుజువు దొరికితేనే తియ్యాలి. బతికుందని రుజువు దొరకలేదని తియ్యకూడదు. కదలిక కనపడకపోవడం రెండో రకంలోకి వస్తుంది.

ముందు ఆ ఉంగరం సంగతి చెబుతాను, ఎందుకంటే పక్కింటాయన మాట తప్పని అదే చెబుతోంది. గుడ్డులో పిల్ల మొదటి వారంలో చచ్చిపోతే, పచ్చసొన మీద అల్లుకుంటున్న నెత్తురంతా వెనక్కి జారి అంచున చేరుతుంది. అదే ఆ ఎర్రగీత. పదహారో రోజు దాకా బాగా పెరిగిన పిల్ల రాత్రికి రాత్రి చస్తే ఉంగరం పడదు, నల్లటి ముద్ద ఉంటుంది. అంటే ఆ గుడ్డు కరెంటు పోకముందే, పది రోజుల కిందటే పోయింది. ఖాళీగా వెలుగుతున్న రెండూ అంతే. అవి మగబాతు కలవని గుడ్లో, పెట్టిన రెండు మూడు రోజులకే ఆగిపోయినవో అయి ఉంటాయి. ఏడో రోజున దీపం పెట్టి చూసి ఉంటే ఈ మూడూ అప్పుడే తేలిపోయేవి. మొన్నటి రాత్రికీ వీటికీ సంబంధం లేదు. 22కి మూడు పోవడం పెద్ద నష్టం కూడా కాదు.

ఇక నల్లగా ఉండి కదలనివాటి గురించి. బాతుగుడ్డు 28 రోజుల గుడ్డు. ఏడో రోజున వెలుగులో చూస్తే లోపలంతా నారింజ రంగులో ఉంటుంది, మధ్యలో చిన్న నల్లచుక్క, అది కన్ను. దాని చుట్టూ సన్నటి ఎర్ర నరాలు సాలెపురుగు కాళ్లలా నాలుగు వైపులకీ పోతుంటాయి. పది నుంచి పదమూడు రోజుల మధ్య పిల్ల ఈదుతున్నట్టు కనిపిస్తుంది, చూడ్డానికి అన్నిటికంటే ముచ్చటైన రోజులవి. అక్కడితో ఆ ముచ్చట తగ్గిపోతుంది. పదిహేను, పదహారు వచ్చేసరికి పిల్ల పెరిగి లోపల చాలా భాగం నిండిపోతుంది. వెలుగు దాన్ని దాటి ఇవతలికి రాదు. కదిలినా నీకు కనపడదు. పైగా పిల్ల ఎప్పుడూ కదులుతూ ఉండదు, కాసేపు కదులుతుంది, కాసేపు ఊరుకుంటుంది. రాత్రంతా చల్లబడిన గుడ్డులోనైతే ఇంకా మందంగా ఉంటుంది. చలికి పిల్ల కదలిక తగ్గడం సహజం. నువ్వు చూసింది సరిగ్గా ఆ పొద్దున్నే కదా. ఆ రోజు చూపు మీద ఆధారపడి ఏ గుడ్డు సంగతీ తేల్చకూడదు.

మరి పదహారో రోజున ఏం చూడాలి? కదలిక వదిలెయ్. గుడ్డు లావు వైపు పైన గాలి గది ఉంటుంది, దాని అంచు చూడు. గది చీకటి చేసుకో. సెల్‌ఫోన్ దీపమైనా సరిపోతుంది. అట్టముక్కకి రూపాయి బిళ్ల కంటే చిన్న కన్నం పెట్టి ఫోన్ మీద ఉంచి, గుడ్డు లావు వైపుని ఆ కన్నానికి ఆనించు. పాతకాలం బల్బు టార్చి అయితే ఎక్కువసేపు ఆనించకు, వేడెక్కుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని ముట్టుకో. ఒక్కో గుడ్డుకి అర నిమిషం చాలు.

బతికున్న గుడ్డులో గాలి గది కింద అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది. ఆ గీత వెంబడే, చీకటి మొదలయ్యే చోట, ఎర్రటి నరం ఒకటో రెండో దిగుతూ కనిపిస్తాయి. రంగు నిండుగా, అంచులు పదునుగా ఉంటాయి. కొంచెం ఓపిక పట్టి ఒక నరం మీదే చూపు నిలిపితే, ఒక్కోసారి అది కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. తర్వాత గుడ్డుని మెల్లిగా ఒక పక్కకి వాల్చు. బతికున్నదాంట్లో నల్లభాగం బరువుగా, తన చోట తానుంటుంది. చచ్చి కొన్ని రోజులైనదాంట్లో లోపలిదంతా పలచబడి ఎటు వాలిస్తే అటు జారుతుంది. గాలి గది అంచు చెదిరిపోయి ఉంటుంది, నరాలుండవు, ఉన్నా గోధుమరంగు మరకల్లా అలుక్కుపోయి ఉంటాయి. వెలుగు కూడా నారింజ పోయి బూడిదరంగుకి తిరుగుతుంది.

ఒక చిక్కుంది. పిల్ల చచ్చిన రోజున గుడ్డు బతికున్నప్పటిలాగే కనిపిస్తుంది. నరాలు అప్పటికప్పుడు మాయం కావు, అలుక్కుపోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కరెంటు పోయిన మర్నాడు చూసిన చూపుకి విలువ లేదని నేననడానికి అది కూడా కారణం. బతికున్నది చచ్చినట్టూ కనపడొచ్చు, చచ్చింది బతికున్నట్టూ కనపడొచ్చు. నాలుగైదు రోజులు గడవనిస్తే రెండూ విడిపోతాయి. బతికున్నది పెరుగుతుంది, చచ్చింది చెడుతుంది. ఒక రోజు గుడ్డుని చూస్తే తెలియదు, అదే గుడ్డుని రెండు రోజులు చూసి పోల్చుకుంటే తెలుస్తుంది.

పోల్చుకోవాలంటే గుర్తు ఉండాలి. ఈరోజే పెన్సిల్‌తో ప్రతి గుడ్డు మీద ఒక అంకె రాయి. దీపం పెట్టినప్పుడు గాలి గది అంచు వెంబడి పెంకు మీద సన్నగా గీత గీసి, పక్కన 16 అని వెయ్యి. స్కెచ్‌పెన్ వాడకు, పెంకుకి కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, సిరా లోపలికి దిగుతుంది. నోటు పుస్తకంలో ఆ అంకెల ఎదురుగా చూసింది చూసినట్టు రాసుకో: నరం ఉంది, అంచు స్పష్టం, అనుమానం, అలాగ. ఇరవై ఒకటో రోజున చూస్తే గాలి గది గీత కంటే కిందికి దిగి ఉండాలి, గుడ్డు ఇంకా చీకటిపడి ఉండాలి.

ఇరవై ఒకటో రోజున ఇంకో చోటు కూడా చూడు, చాలామంది దాని జోలికి పోరు. గుడ్డు సన్నటి కొన. పదహారో రోజున ఆ కొనలో కాస్త వెలుగు కనిపిస్తుంది, అది పిల్ల ఇంకా వాడుకోని తెల్లసొన. రోజులు గడిచేకొద్దీ పిల్ల ఆ తెల్లసొనని తాగేస్తుంది, కొన మూసుకుపోతుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు వచ్చినా కొన వెలుగుతూనే ఉందంటే పిల్ల వెనకబడింది, లేదా గుడ్లు సరిగా తిప్పడం లేదు. కొన రోజురోజుకీ చీకటి పడుతోందంటే లోపల పని జరుగుతోందన్నమాట. నా వరకు కదలిక కంటే ఈ కొన చీకటినే ఎక్కువ నమ్ముతాను.

గాలి గది పెరిగినంత మాత్రాన పిల్ల బతికున్నట్టు కాదు. పెంకులోంచి తడి పోతుంటే గాలి గది పెరుగుతుంది, చచ్చిన గుడ్డులోంచి కూడా తడి పోతుంది. తూకం సంగతీ అంతే. కిరాణా కాటా మీద తూస్తే గుడ్డు తగ్గుతూ ఉండాలి. 70 గ్రాముల గుడ్డు ఏడో రోజుకి 67, 68 మధ్య, పద్నాలుగో రోజుకి 65 దగ్గర, ఇరవై అయిదో రోజుకి 61 దగ్గర ఉంటే పెట్టెలో తడి సరిగ్గా ఉన్నట్టు. మొత్తం మీద నూటికి 12 నుంచి 14 వంతులు తగ్గాలి. ఈ తూకం పెట్టె సంగతి చెబుతుంది, పిల్ల ప్రాణం సంగతి చెప్పదు. ప్రాణం సంగతికి నరాలు, అంచు, కొన చీకటి, వెచ్చదనం, వాసన చూడాలి.

వెచ్చదనం అన్నాను కదా, మా పెద్దమ్మ టార్చి లేకుండానే దాంతో తేల్చేది. పద్దెనిమిది, ఇరవై రోజులు దాటిన పిల్ల తన ఒంటి వేడి తాను పుట్టించుకుంటుంది. బాతుగుడ్లని రోజుకోసారి పెట్టె తెరిచి పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, గోరువెచ్చటి నీళ్లు సన్నగా చల్లుతాం కదా, ఆ చల్లార్పు చివర్లో ఒక్కో గుడ్డూ తీసి కనురెప్పకి ఆనించు. అరచేతికి తెలియని తేడా కనురెప్పకి తెలుస్తుంది. బతికున్నవి ఇంకా వెచ్చగా ఉంటాయి, చచ్చింది చల్లబడిపోయి రాయిలా తగులుతుంది. ఒకే వరసలో ఉన్న గుడ్లనే పోల్చు. పెట్టెలో వేడిచ్చే దీపం దగ్గరున్న గుడ్డుకీ మూలనున్న గుడ్డుకీ ఎలాగూ తేడా ఉంటుంది. ఇది నీకు ఇరవై ఒకటో రోజు పరీక్షకి పనికొస్తుంది, ఇవాళ్టికి కాదు.

మీ అత్త చెప్పే నీళ్ల పరీక్ష వంటింటికి సంబంధించింది. సంతలో కొన్న గుడ్డు తాజాదా పాతదా అని చూడ్డానికి అది మంచిదే. తాజా గుడ్డు మునుగుతుంది, తడి ఆరి గాలి గది పెరిగిన పాత గుడ్డు తేలుతుంది. పొదుగులో పెట్టిన గుడ్డు మాత్రం తడి కోల్పోవడానికే అక్కడుంది. పదహారో రోజుకి బరువులో నూటికి ఎనిమిది వంతులు పోతాయి, ఆ లెక్కకి నీళ్ల కంటే తేలికైపోతుంది. మీ అత్త చెప్పినట్టు చేస్తే బతికున్నవి కూడా తేలుతాయి, వాటినీ పారేస్తావు. ఇంకో కీడు కూడా ఉంది. వెచ్చటి గుడ్డుని చల్లటి నీళ్లలో వేస్తే లోపలిది ముడుచుకుని, పెంకు రంధ్రాల్లోంచి నీటితో పాటు మురికినీ లోపలికి పీల్చుకుంటుంది. బాగున్న గుడ్డు కూడా దాంతో మురుగుతుంది. ఇరవై అయిదు రోజులు దాటాక గోరువెచ్చటి నీళ్లలో పెడితే లోపల పిల్ల తన్నినప్పుడు గుడ్డు ఊగుతుందని కొందరు చూస్తారు. ఊగడం నిజమే. కానీ పెంకు అప్పటికే ఎక్కడైనా చిట్లి ఉంటే పిల్ల మునిగి చస్తుంది, ఊగనంత మాత్రాన చచ్చినట్టూ కాదు. నేను చెయ్యను, నువ్వూ చెయ్యొద్దు. అత్తకి నెమ్మదిగా చెప్పు, ఆవిడ పరీక్ష తప్పు కాదు, పొదుగు గుడ్డుకి అది పనికిరాదంతే.

వాసన విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యకు. రోజూ మూత తెరవగానే ముక్కుతో చూడు. మురుగు వాసన తగిలితే ఒక్కో గుడ్డునీ విడిగా వాసన చూసి దొంగని పట్టుకో. పెంకు మీద గోధుమరంగు చెమటబొట్లు ఊరినా, పెంకు మచ్చలు మచ్చలుగా బూడిదరంగు తిరిగినా, చెవి దగ్గర పెట్టి వాలిస్తే బుడబుడ మన్నా, దాని పని అయిపోయింది. అలాంటి గుడ్డు లోపల గాలి ఊరి పేలుతుంది. పేలితే ఆ రసి పక్క గుడ్లన్నిటి మీదా పడి వాటినీ చెడగొడుతుంది. కుదపకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టు. గెడ్డలో పారెయ్యకు, కుక్కలకి వెయ్యకు. చేతులు మోచేతుల దాకా కడుక్కో.

ఇంకొన్ని రకాలు చచ్చినట్టు కనిపించి మోసం చేస్తాయి. ఆకుపచ్చ, నీలం పెంకులున్న నాటు బాతు గుడ్లు వెలుగుని సరిగా పోనివ్వవు. వాటికి ఏడో రోజు చూపు సరిపోదు, పదో రోజు దాకా ఆగాలి. నీవి ఖాకీ క్యాంప్‌బెల్ కాబట్టి తెల్లగా ఉంటాయి, ఇబ్బంది లేదు, కానీ మధ్యలో ఒకటో రెండో పక్క మంద గుడ్లు కలిసి ఉంటే గుర్తుపెట్టుకో. బండి మీద గతుకుల రోడ్డున తెచ్చిన గుడ్లలో గాలి గది ఊడి, గుడ్డు ఎటు తిప్పితే అటు బుడగ పరిగెడుతుంది. అది చావు కాదు, ప్రయాణం దెబ్బ. అలాంటివాటిని పెట్టే ముందు సన్న కొన కిందికి పెట్టి ఒక రోజు నిలబెడితే చాలావరకు కుదురుకుంటాయి. సన్న చిట్లు ఉన్నా లోపలి పొర చిరగకపోతే ఆ చిట్లు మీద మైనం బొట్టు కరిగించి వెయ్యొచ్చు. మస్కోవీ బాతు గుడ్లయితే లెక్క మొత్తం వేరు, వాటికి 33 నుంచి 35 రోజులు. ముప్ఫయ్యో రోజున పిల్ల రాలేదని మస్కోవీ గుడ్లు పారేసినవాళ్లని చూశాను.

ఇప్పుడు కరెంటు గురించి. గుడ్డుకి చలి కంటే వేడి చాలా ప్రమాదం. ఫ్యాన్ ఉన్న పెట్టెలో ఉండాల్సింది 37.5 డిగ్రీలు, ఫ్యాన్ లేని పెట్టెలో గుడ్ల పై మట్టం దగ్గర 38.3 నుంచి 38.9. కొన్ని గంటలు చల్లబడితే పిల్ల పెరుగుదల ఆగి, వేడి తగిలాక మళ్లీ సాగుతుంది. తల్లి బాతు కూడా మేతకని గుడ్ల మీంచి లేచి పోతుంది కదా. అదే 40 దాటి నిలబడితే కొద్దిసేపట్లోనే దెబ్బతింటుంది. అందుకని కరెంటు వచ్చిన కంగారులో థర్మోస్టాట్, అంటే వేడిని అదుపు చేసే మీట, పెంచేస్తే, రాత్రి చావని పిల్ల పొద్దున్న చస్తుంది. నువ్వు పెంచలేదనుకుంటాను. ఎందుకైనా మంచిది, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ గుడ్ల మధ్య పెట్టి పెట్టె చూపించే అంకెతో సరిపోల్చు. సంతలో దొరికే చవక మీటర్ల కంటే, ఆ వేడి దగ్గర అది నమ్మకమైంది. తేడా ఉంటే ఆ మేరకి సరిచేసుకో.

నీ బొంత మంచి పనే చేసింది. 22 గుడ్ల వేడి అంత త్వరగా పోదు. ఇంకోసారి ఇలా అయితే పెట్టె తెరవకు, బొంత కప్పు, గాలి కన్నాలు మాత్రం మూయకు. పిల్లలు పెద్దవైనకొద్దీ వాటికి గాలి ఎక్కువ కావాలి. వేణ్ణీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి గుడ్లకి తగలకుండా పక్కన పెట్టు. ఎండలో మాత్రం పెట్టకు, మూసిన పెట్టె ఎండలో పొయ్యి అవుతుంది. పొదుగు మీదున్న నాటుకోడి ఊళ్లో ఎవరింట్లోనైనా ఉంటే అన్నిటికంటే అదే నయం. ఒక కోడి కింద ఎనిమిది పది బాతుగుడ్లు పడతాయి, రాత్రి చీకట్లో పెడితే ఎదురుతిరగదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మన గజపతి జిల్లాలోనూ అటు శ్రీకాకుళం జిల్లాలోనూ రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ బొంతా చాలదు. అందుకే అక్టోబరు, నవంబరు నెలల్లో పెట్టె నిండా గుడ్లు పెట్టేవాళ్లకి, పొదుగు కోడిని ఒకదాన్ని చేతిలో ఉంచుకోమని చెబుతాను.

రాత్రంతా చల్లబడ్డ జట్టు కాబట్టి పిల్లలు ఒక రోజు ఆలస్యంగా రావచ్చు. 28 అనుకున్నది 29, 30 అయినా కంగారుపడకు.

తడి గురించి నువ్వు అడగలేదు, కానీ మన వైపు చివరి రోజుల్లో పిల్లలు చచ్చేది ఎక్కువ దీనివల్లే. పుస్తకాల్లో మొదటి 25 రోజులు తేమ 55 నుంచి 60, తర్వాత 65 నుంచి 75 అని ఉంటుంది. ఆ అంకె పెట్టె లోపలిది, బయటిది కాదు. గాలి వేడెక్కితే తేమ శాతం పడిపోతుంది. వానాకాలంలో గది 28 డిగ్రీలుండి బయటి తేమ 85 ఉందనుకో, అదే గాలి పెట్టెలో 37.5కి వేడెక్కితే నీళ్ల గిన్నె లేకుండానే 50 దగ్గర ఉంటుంది. ఆ రోజుల్లో గిన్నె నిండా నీళ్లు పోస్తే గుడ్డు ఆరాల్సినంత ఆరదు, పిల్ల ఉబ్బి, గాలి గది చాలక లోపలే మునిగి చస్తుంది. మహేంద్రగిరి వైపు చలికాలం రాత్రి 15 డిగ్రీలుండి తేమ 70 ఉంటే, పెట్టెలో అది 20కి కూడా రాదు. అప్పుడు రెండు గిన్నెలు పెట్టినా చాలకపోవచ్చు, లోపలి పొర ఎండి తోలులా పిల్లని పట్టేస్తుంది. మీటరు కంటే కాటానే నమ్ము. తూకం ఎక్కువ తగ్గుతుంటే నీళ్లు పెంచు, తక్కువ తగ్గుతుంటే గిన్నె తీసెయ్. ఏ నెలలో ఎన్ని గిన్నెలు అని నన్నడిగితే చెప్పలేను, నీ గదినిబట్టి, నీ పెట్టెనిబట్టి ఉంటుంది.

ఇరవై అయిదో రోజున ఆఖరుసారి దీపం పెట్టు. అప్పటికి గుడ్డంతా నల్లగా, పైన గాలి గది ఒక్కటే వెలుగుగా ఉండాలి. ఆ గది అంచు ఇక సమంగా ఉండదు, ఒక పక్కకి ఏటవాలుగా దిగుతుంది. అది మంచి గుర్తు, పిల్ల బయటికి రావడానికి సర్దుకుంటోంది. తర్వాత ఒకటి రెండు రోజుల్లో, వెలుగుగా ఉన్న ఆ గదిలోకి నీడ ఒకటి వచ్చి పోతుంటుంది. అది ముక్కు. చెవికి ఆనిస్తే సన్నగా టిక్ టిక్ మని వినపడొచ్చు, నువ్వు మాట్లాడితే లోపల్నించి కీచుమని పలకొచ్చు. ఆ దశలో అన్ని పరీక్షలూ ఆపేసి, తిప్పడం కూడా మానేసి, తడి పెంచి మూత మూసెయ్. ఊరికే తెరిస్తే పొరలు ఆరిపోతాయి.

పెంకు మీద మొదటి చిట్లు పడ్డాక బాతుపిల్ల బయటికి రావడానికి ఒక రోజు నుంచి రెండు రోజులు పడుతుంది. కోడిపిల్ల కంటే చాలా నెమ్మది. ఆ మధ్యలో గంటల తరబడి కదలదు, అప్పుడే జనం చచ్చిందనుకుని పెంకు ఒలిచేస్తారు. అది ఆ సమయంలో మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటూ, పొర నరాల్లోని నెత్తుర్ని ఒంట్లోకి తీసుకుంటూ ఉంటుంది. ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. సన్న కొన వైపు చిట్లు పడితే మాత్రం జాగ్రత్తగా గమనించు, పిల్ల తలకిందులుగా ఉందని అర్థం. అలాంటిదానికి చిట్లు పడ్డ రెండు రోజుల తర్వాత, లోపల కీచుమంటూ ఉండి, గోరువెచ్చటి తడి తగిలించినా పొరలో ఎర్ర నరాలు కనపడకపోతే, అప్పుడు చిట్లు చుట్టూ పెంకు కొంచెం తీసి ముక్కుకి గాలి అందేలా చెయ్యొచ్చు. నరం కనపడిందా, చెయ్యి వెనక్కి తీసెయ్.

ముప్ఫై ఒకటో రోజుకి కూడా చిట్లు పడనివి ఉంటే, వాసన చూసి, ఒకసారి దీపం పెట్టి, చప్పుడు విని, ఏమీ లేకపోతే బయటికి తీసుకెళ్లి పగలగొట్టు. ఊరికే పాతెయ్యకు, లోపల చూడు. పూర్తిగా పెరిగి, ఒళ్లంతా నీరుపట్టి, గాలి గది చిన్నగా ఉందంటే తడి ఎక్కువైంది. పొర ఎండి పిల్లకి అంటుకుని ఉందంటే తడి తక్కువైంది. పచ్చసొన బయటే ఉండి పిల్ల చిన్నగా ఉందంటే మధ్యలో ఆగింది, మొన్నటి రాత్రి లెక్క బహుశా దీనికే వస్తుంది. ఇప్పుడు తీసెయ్యబోయే ఖాళీ గుడ్లు రెండూ కూడా అలాగే పగలగొట్టి చూడు. లోపల నెత్తుటి జాడ, మరక ఉంటే తొలి రోజుల్లో చచ్చినవి, నిలవ పెట్టిన గుడ్ల సంగతి చూసుకోవాలి, వారం దాటినవి పెట్టకూడదు. ఏ జాడా లేకుండా పచ్చసొన శుభ్రంగా ఉంటే మగబాతు కలవనివి. అలాంటివే ఎక్కువైతే, గుడ్లిచ్చిన వాళ్ల మందలో అయిదారు ఆడబాతులకి ఒక మగబాతైనా ఉందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే రెండో జట్టుకి గుడ్లు తెచ్చుకో.